పేషెంట్ ఇంటికెళ్లిపోయాడు, ఫైలు మాత్రం ఇంకా డిశ్చార్జ్ కాలేదు

గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని ఆపరేషన్ చేయించుకున్న ఒక పేషెంట్‌ని ఊహించుకోండి. మూడో రోజుకి కుట్లు బావున్నాయి, జ్వరం లేదు, బిల్లు కట్టేశారు, వీల్‌చైర్‌లో గేటు దాకా దిగబెట్టారు. ఆసుపత్రి లెక్కలో ఆ బెడ్ ఖాళీ అయింది. కేస్ షీట్ మాత్రం ఆ సాయంత్రం వార్డు నుంచి మెడికల్ రికార్డ్స్ విభాగానికి, అంటే ఆసుపత్రిలో అందరూ ఎమ్మార్డీ అని పిలిచే గదికి చేరుతుంది. అక్కడ ఒకరు కూర్చుని పేజీ పేజీ తిప్పుతారు. ఆపరేషన్ నోట్స్ ఉన్నాయి, కింద సర్జన్ సంతకం లేదు. మత్తు కోసం తీసుకున్న కన్సెంట్ ఫారంలో తేదీ ఉంది, టైము లేదు. రెండో రోజు రాత్రి డాక్టర్ ఫోన్లో చెప్పిన ఇంజెక్షన్‌ని సిస్టర్ రాసుకున్నారు, చెప్పిన డాక్టర్ తర్వాత వచ్చి దాని కింద సంతకం పెట్టలేదు. డిశ్చార్జ్ సమ్మరీలో తుది నిర్ధారణ దగ్గర 'గాల్‌బ్లాడర్ రాళ్లు, బయాప్సీ రిపోర్ట్ రావాల్సి ఉంది' అని ఉంది.

నాలుగు వెలితులు. ఎమ్మార్డీ భాషలో ఇలాంటివాటిని డెఫిషియెన్సీలు అంటారు. ఇందులో తప్పేమీ లేదు, నిజానికి చాలా ఫైళ్లు డిశ్చార్జ్ రోజున ఇలాగే ఉంటాయి. సర్జన్ ఇంకో ఆపరేషన్‌లో ఉన్నారు, బయాప్సీ ల్యాబ్‌లో ఉంది, కన్సల్టెంట్ మర్నాడు వస్తారు. ఈ దశలో ఆ ఫైలుని 'అసంపూర్తి' అంటారు. అది పనిలో ఉన్నట్టు లెక్క. దానికి ఒక గడువుంది, ఆ గడువులోగా వెలితులు పూడకపోతే అప్పుడది 'గడువు దాటిన ఫైలు' అవుతుంది. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం వల్ల ఎన్ని మీటింగులు అరుపుల్లో ముగుస్తాయో చెప్పలేను. అసంపూర్తి ఫైళ్లు 900 ఉన్నాయని ఎవరైనా స్లైడ్ చూపిస్తే భయపడక్కర్లేదు. వాటిలో గడువు దాటినవెన్ని, దాటి ఎన్నాళ్లయింది, వాటిలో ఏ కాగితం లేదు అని అడగాలి. ఈ వ్యాసం దాదాపుగా ఈ మూడు ప్రశ్నల గురించే.

ముందు ఫైలు చూసే పని ఎలా జరుగుతుందో చెప్పుకుందాం, ఎందుకంటే తర్వాత వచ్చే శాతాలన్నీ ఇక్కడ పుట్టినవే. చూడ్డం రెండు రకాలు. మొదటిది, ఉండాల్సిన కాగితం ఉందా, దాని మీద పేరు, తేదీ, టైము, సంతకం ఉన్నాయా. దీనికి వైద్యం తెలియక్కర్లేదు, ఓపిక చాలు. రెండోది, రాసినవి ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా. అడ్మిషన్ నోట్స్‌లో కుడి మోకాలు అని, ఆపరేషన్ నోట్స్‌లో ఎడమ మోకాలు అని ఉందా, వారం రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు సరే అది ఏ ఇన్‌ఫెక్షన్‌కో ఎక్కడైనా రాశారా, సిస్టర్ నోట్స్‌లో పేషెంట్ పడిపోయారని ఉంటే డాక్టర్ నోట్స్‌లో ఆ మాట ఎందుకు లేదు. ఈ రెండో రకం చూపుకి చదివి అర్థం చేసుకునే మనిషి కావాలి, టైము కావాలి. అందుకే చాలాచోట్ల మొదటిది ప్రతి ఫైలుకీ, రెండోది ఎప్పుడైనా కొన్ని ఫైళ్లకి మాత్రమే జరుగుతుంది. అంటే నెలాఖరు నివేదికలో 'పూర్తి' అని కనిపించే ఫైలు నిజానికి 'సంతకాలు పూర్తయిన ఫైలు' అన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

వెలితి కనిపించాక దాన్ని ఎవరి పేరున రాయాలి? వినడానికి చిన్న ప్రశ్నే, గొడవల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. పేషెంట్ మెడిసిన్ విభాగంలో చేరి, సర్జరీకి మారి, మధ్యలో నాలుగు రోజులు ఐసీయూలో ఉండి, సర్జరీ వార్డు నుంచి ఇంటికెళ్తే సమ్మరీ ఎవరు రాయాలి? రూలు రాసి లేకపోతే అడ్మిట్ చేసిన డాక్టర్ పేరున పడుతుంది, ఆయన 'నేను చూసింది మొదటి రోజే కదా' అంటారు, అది నిజమే కూడా. సమ్మరీ రాసిన పీజీ, అంటే స్పెషలిస్టు చదువు చదువుతున్న జూనియర్ డాక్టర్, నెల మారగానే వేరే యూనిట్‌కి వెళ్లిపోతారు, వెలితి మాత్రం పాత యూనిట్ జాబితాలో వేలాడుతుంటుంది. తప్పు పేరున పడ్డ వెలితి ఎప్పటికీ పూడదు, పైగా ఆ డాక్టర్‌కి మొత్తం జాబితా మీదే నమ్మకం పోతుంది. తనవి కాని ఫైళ్లు ఐదు చూసిన మనిషి ఆరోది తనదే అయినా తెరవరు.

ఇక గడువు. అమెరికాలో ప్రభుత్వ బీమా డబ్బు తీసుకునే ఆసుపత్రులకు డిశ్చార్జ్ అయిన 30 రోజుల్లోగా రికార్డు పూర్తి కావాలన్న ఫెడరల్ నిబంధన ఉంది. ఎక్కువగా వినపడే అంకె అదే. కానీ ఆ 30 మొత్తం ఫైలుకి ఆఖరి గీత మాత్రమే. లోపలి కాగితాలకి వేరే గడియారాలున్నాయి. పేషెంట్ చరిత్ర, శారీరక పరీక్ష వివరాలు అడ్మిషన్ తర్వాత 24 గంటల్లో ఉండాలి. ఆపరేషన్ నోట్స్ ఆపరేషన్ అవగానే రావాలి, పూర్తి నివేదిక ఆలస్యమయ్యేటట్టుంటే కనీసం ఏం చేశారు, ఏం కనిపించింది, రక్తం ఎంత పోయింది అన్న నాలుగు ముక్కలైనా పేషెంట్ తర్వాతి వార్డుకి వెళ్లేలోగా ఉండాలి, ఎందుకంటే రాత్రి ఆ పేషెంట్‌కి బీపీ పడిపోతే చూసే డ్యూటీ డాక్టర్ ఆపరేషన్ థియేటర్‌లో లేరు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ ప్రామాణిక ఒప్పందం ప్రకారం అడ్మిట్ అయిన పేషెంట్ డిశ్చార్జ్ సమ్మరీ 24 గంటల్లో వారి ఫ్యామిలీ డాక్టర్‌కి చేరాలి. భారతదేశంలో 2002 నాటి వైద్యవృత్తి నియమాల ప్రకారం పేషెంట్ గానీ, వారి తరఫు మనిషి గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

24 గంటలు, 72 గంటలు, 30 రోజులు. ఇవి పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఫైలుకి ఆసుపత్రి పెట్టుకున్న గడియారం ఒకటి, ఆ ఫైలు అవసరమున్న మనిషి గడియారం ఇంకొకటి. నాలుగో రోజున పేషెంట్ కాగితాలు అడిగితే ఆసుపత్రి లెక్కలో ఆ ఫైలు ఆలస్యం కాలేదు, ఇంకా 26 రోజులున్నాయి. అయినా చేతికిచ్చే జిరాక్సు సంతకం లేని ఆపరేషన్ నోట్స్‌దే. నా దృష్టిలో పర్యవేక్షణ అంతా మొదటి గడియారం చుట్టూ కట్టడమే అసలు పొరపాటు.

ఆ గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది కూడా వివాదమే. డిశ్చార్జ్ రోజు నుంచా? ఎమ్మార్డీ ఫైలు చూసి డాక్టర్‌కి చెప్పిన రోజు నుంచా? వార్డులో వారం పడి ఉండి వచ్చిన ఫైలుని ఎనిమిదో రోజున డాక్టర్‌కి చూపిస్తే, తనకి చెప్పిన రోజు నుంచే లెక్కపెట్టాలన్న డాక్టర్ వాదన సబబే అనిపిస్తుంది. అయితే రెండో పద్ధతి ఎంచుకున్న ఆసుపత్రిలో ఎమ్మార్డీ ఎంత ఆలస్యంగా చూస్తే అంకెలు అంత అందంగా కనిపిస్తాయి. పేషెంట్ వైపు నుంచి చూస్తే డిశ్చార్జ్ రోజే సరైన మొదలు. డాక్టర్ వంతు ఎన్ని రోజులు, ఎమ్మార్డీ వంతు ఎన్ని రోజులు అని విడివిడిగా కొలుచుకుంటే సరిపోతుంది.

ఇదేమీ కంప్యూటర్లు వచ్చాక పుట్టిన తలనొప్పి కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1863లో ఆసుపత్రుల గురించి రాస్తూ, నిజం తెలుసుకుందామని ఎక్కడ అడిగినా పోల్చి చూడ్డానికి పనికొచ్చే రికార్డులు దాదాపు దొరకలేదని వాపోయింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 1917లో ఆసుపత్రులకు కనీస ప్రమాణాలని ఒక పేజీలో ఐదంటే ఐదు పెట్టింది, అందులో ఒకటి ప్రతి పేషెంట్‌కీ కచ్చితమైన, పూర్తి రికార్డు ఉండాలని. తర్వాత 100 బెడ్లకు పైబడిన 692 ఆసుపత్రుల్ని తనిఖీ చేస్తే 89 మాత్రమే నెగ్గాయి. ఏవి తప్పాయో ఆ పేర్లు పత్రికలవాళ్ల చేతిలో పడతాయేమోనని 1919లో ఆ జాబితాని న్యూయార్క్‌లో తాము దిగిన హోటల్ కొలిమిలో కాల్చేశారు. నివేదికలు అందంగా ఉండాలన్న తాపత్రయం మనతో మొదలవలేదు మరి.

ఇప్పుడు శాతం సంగతి. గడువు దాటిన ఫైళ్లను లెక్కించే పాత పద్ధతి ఒకటుంది. ఒక రోజున గడువు దాటి ఉన్న ఫైళ్లెన్నో లెక్కపెట్టి, దాన్ని నెలకి సగటున జరిగే డిశ్చార్జ్‌లతో భాగిస్తారు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ చాలా ఏళ్లపాటు దీన్ని కనీసం మూడు నెలలకోసారి కొలవమంది, 50 శాతం మించకూడదంది. నెలకి 1,000 డిశ్చార్జ్‌లున్న ఆసుపత్రిలో ఇవాళ 300 ఫైళ్లు గడువు దాటి ఉంటే 30 శాతం. పాసైనట్టే.

అసలిది ఏం చెబుతోంది? వెయ్యిలో 300 ఆలస్యమయ్యాయనా? అస్సలు కాదు. పైన ఉన్న 300 అనేది ఎన్నో నెలల నుంచి పేరుకున్న మొత్తం, కింద ఉన్న 1,000 అనేది ఒక్క నెల ప్రవాహం. ట్యాంకులో ఉన్న నీళ్లను కుళాయిలో గంటకి వచ్చే నీళ్లతో భాగించినట్టు. అందుకే ఈ 'శాతం' 100 దాటొచ్చు కూడా, మొదటిసారి 120 శాతం అని చూసినవాళ్లు కాలిక్యులేటర్‌ని అనుమానిస్తారు, పాపం దాని తప్పేం లేదు. ఒకే 30 శాతం ఉన్న రెండు ఆసుపత్రుల్ని తీసుకోండి. ఒకదాంట్లో 300 ఫైళ్లూ గడువు దాటి వారం లోపే, వచ్చే వారానికి అవి పోయి కొత్తవి వస్తాయి. రెండోదాంట్లో 100 కొత్తవి, మిగతా 200 ఆరు నెలలు పైబడినవి. వాటిని రాయాల్సిన డాక్టర్‌కి పేషెంట్ ముఖం కూడా గుర్తులేదు. మొదటిదానికి పని వేగం సమస్య, రెండోదానికి జ్ఞాపకం చచ్చిపోయిన రికార్డుల సమస్య. శాతం చూస్తే కవలలు!

కింది అంకె కూడా నమ్మదగ్గది కాదు. ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోయే డే కేర్ కేసుల్ని డిశ్చార్జ్‌లలో కలిపితే ఆ కింది అంకె పెద్దదవుతుంది, వాటి ఫైళ్లు రెండు పేజీలే కాబట్టి పెద్దగా ఆలస్యం కావు, శాతం తానంతట తనే తగ్గుతుంది. ఎవరూ ఒక్క సంతకం పెట్టనక్కర్లేదు.

దీనికంటే మెరుగైన కొలత కష్టమేమీ కాదు. ఒక నెలలో డిశ్చార్జ్ అయిన ఫైళ్లనే ఒక గుంపుగా పట్టుకుని, అందులో ఏడో రోజుకి ఎన్ని పూర్తయ్యాయి, 15కి ఎన్ని, 30కి ఎన్ని అని చూడ్డం. దాంతోపాటు, గడువు దాటి ఇప్పుడు మిగిలి ఉన్నవాటిని వయసువారీగా విడగొట్టడం: 30 రోజుల్లోపు, 30 నుంచి 90, 90 నుంచి 180, ఆపైన. ఇంకా ముఖ్యంగా కాగితంవారీగా. సంతకం లేని ఫోన్ ఆర్డర్, రాయనే రాయని డిశ్చార్జ్ సమ్మరీ మామూలు లెక్కలో చెరొక ఫైలు కింద సమానమైపోతాయి. అవి సమానమెలా అవుతాయి? ఒకటి తెచ్చేది ఆడిట్‌లో ఒక మార్కు కోత, రెండోది లేకపోతే తర్వాతి డాక్టర్ చీకట్లో వైద్యం చేస్తున్నట్టే.

ఆ చీకటి ఎంతో కొలిచినవాళ్లున్నారు. 2007లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, డిశ్చార్జ్ తర్వాత పేషెంట్ మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి సమ్మరీ అందుబాటులో ఉన్నది 12 నుంచి 34 శాతం సందర్భాల్లోనే. 2005లో వచ్చిన ఇంకో అధ్యయనంలో డిశ్చార్జ్ అయినవారిలో 41 శాతం మందికి ఏదో ఒక పరీక్ష ఫలితం ఇంకా రావాల్సే ఉంది, అలా తర్వాత వచ్చిన ఫలితాల్లో 9.4 శాతం వైద్యం మార్చాల్సి రావచ్చన్నవి. గడువు దాటిన ఫైలు అంటే గుమాస్తా పని అనుకునేవాళ్లకి ఈ రెండు అంకెలు చాలు. డబ్బు సంగతి వేరే చెప్పాలా, సమ్మరీ లేకపోతే కోడింగ్, అంటే జబ్బుకీ చికిత్సకీ నిర్ణీత కోడ్‌లు వేయడం, జరగదు, కోడింగ్ లేకపోతే బీమా క్లెయిమ్ కదలదు. నిజం చెప్పాలంటే చాలా ఆసుపత్రుల్లో ఎమ్మార్డీ మాటకి విలువ వచ్చేది అకౌంట్స్ వాళ్లు అరిచినప్పుడే.

మరి డాక్టర్లు ఎందుకు రాయరు? బద్ధకం అనేయడం సులువు. దగ్గర్నుంచి చూస్తే అదే సంగతిని అడ్మిషన్ నోట్స్‌లో, రోజువారీ నోట్స్‌లో, సమ్మరీలో, బీమా ఫారంలో నాలుగుసార్లు రాయించే వ్యవస్థ కనిపిస్తుంది. కంప్యూటర్ తెరవగానే 200 నోటిఫికేషన్లు, అందులో 'ఇది చూశారా' అనేవి 150. ఏది నిజంగా ఆలస్యమైందో వెతుక్కోవాలి. ఒక విభాగంలో 40 మంది డాక్టర్లుంటే గడువు దాటినవాటిలో సగం నలుగురైదుగురివే అయి ఉండటం కూడా మామూలే, వాళ్లు చాలాసార్లు అందరికంటే ఎక్కువ కేసులు చూసేవాళ్లే. అందుకే డాక్టర్ పేరు పక్కన ఉత్త సంఖ్య పెడితే అన్యాయం జరుగుతుంది, ఎన్ని కేసులకి ఎన్ని అని పెట్టాలి.

శిక్షల్లో బాగా తెలిసింది, ఫైళ్లు పూర్తిచేసేదాకా కొత్త అడ్మిషన్లు, ముందుగా పెట్టుకున్న ఆపరేషన్లు ఆపేయడం. ఎమర్జెన్సీలకి మినహాయింపు ఉంటుంది. ఇది పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు, గురువారం ఉత్తరం అందితే శుక్రవారానికి ఎమ్మార్డీలో కుర్చీలు చాలవు. ఇబ్బందల్లా, ఒక్క మధ్యాహ్నంలో 70 ఫైళ్లు పూర్తిచేసిన మనిషి ఎన్ని చదివి ఉంటారన్నదే. పైగా వచ్చే నెలకి మళ్లీ అంతే.

ఇక్కడే మోసం కాని మోసాలు మొదలవుతాయి. మొత్తం సెలెక్ట్ చేసి ఒకేసారి సంతకం నొక్కేయడం. నిన్నటి నోట్స్‌ని కాపీ చేసి ఇవాళ్టి తేదీ వేయడం, దాంతో ట్యూబ్ తీసేసిన మూడు రోజుల తర్వాత కూడా 'ట్యూబ్ ఉంది' అని వస్తూనే ఉంటుంది. డాక్టర్ ఉద్యోగం మానేసి వెళ్లిపోతే ఆ ఫైళ్లని రికార్డ్స్ కమిటీ 'ఇక పూర్తికావు' అని రాసి మూసేయొచ్చు. ఇది న్యాయమైన పద్ధతే, కారణం రాసి, విడిగా లెక్క చూపిస్తే. చూపించకపోతే తనిఖీకి ముందు వారంలో పాత బకాయిలన్నీ మాయమవడానికి ఇంతకంటే మంచి తలుపు లేదు. అన్నిటికంటే ప్రమాదకరమైంది వెనకటి తేదీ వేయడం. ఆలస్యంగా రాయడం నేరం కాదు. ఇవాళ్టి తేదీ, టైము వేసి, 'ఆలస్యంగా నమోదు, ఫలానా రోజు జరిగినదాని గురించి' అని రాస్తే ఎక్కడైనా నిలబడుతుంది. అదే కంప్యూటర్‌లో ఏ లైను ఏ నిమిషాన ఎవరు కొట్టారో లోపల నమోదవుతూనే ఉంటుంది కాబట్టి, వెనకటి తేదీ వేసిన ఒక్క నోట్స్ కోర్టులో బయటపడితే మిగతా ఫైలంతా, నిజాయితీగా రాసిన పేజీలతో సహా, అనుమానంలో పడుతుంది.

కాస్త పనికొచ్చేలా చూడాలంటే పేషెంట్ ఇంకా బెడ్ మీద ఉండగానే ఫైలు తిప్పడం మొదలుపెట్టాలి. రికార్డ్స్ మనిషి వార్డుకి వెళ్లి, ఆపరేషన్ నోట్స్ లేకపోతే అదే రోజు అడగడం. అప్పుడు అడిగితే సర్జన్‌కి రెండు నిమిషాల పని, నెల తర్వాత అదే పని పాత సీసీటీవీ చూస్తున్నట్టుంటుంది. దీనికి మనుషులు కావాలి, అందుకే మేనేజ్‌మెంట్‌కి నచ్చదు. రెండోది, మూడు నెలలకోసారి పెద్ద నివేదిక కంటే వారానికోసారి చిన్న జాబితా, ప్రతి డాక్టర్‌కీ తనవి మాత్రమే, పాతది పైన. మూడోది, పూర్తయిందని గుర్తుపెట్టిన ఫైళ్లలోంచి నెలకి ఓ 30 ఏవో కొన్ని తీసి ఎవరైనా సీనియర్ నిజంగా చదవడం. నా అనుభవంలో ఈ మూడోదానికి ఒప్పించడమే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే నివేదికలో 'పూర్తి' అని పచ్చరంగులో ఉన్నదాన్ని మళ్లీ తెరవమంటే ఎవరికైనా చిరాకే.

మొదట్లో చెప్పుకున్న గాల్‌బ్లాడర్ ఫైలు దగ్గరికి వద్దాం. బయాప్సీ రిపోర్ట్ తొమ్మిదో రోజున వచ్చింది. ల్యాబ్ మనిషి ఎమ్మార్డీకి పంపారు, అక్కడ దాన్ని ఫైల్లో సరైన చోటే పెట్టారు. జాబితాలో మాత్రం డాక్టర్ పేరున రెండు సంతకాలు, ఒక టైము అనే ఉంది, సమ్మరీకి వెలితి రాయలేదు, ఎందుకంటే సమ్మరీ ఉంది, దాని మీద సంతకమూ ఉంది. 27వ రోజున కన్సల్టెంట్ వచ్చి ఒకే సిట్టింగ్‌లో 19 ఫైళ్లు పూర్తిచేశారు, అందులో ఇదొకటి. ఆ నెల నివేదికలో ఈ ఫైలు 'గడువులోగా పూర్తయినవి' వరసలో ఉంది. పేషెంట్ ఇంట్లో బీరువాలో ఉన్న సమ్మరీలో మాత్రం 'బయాప్సీ రిపోర్ట్ రావాల్సి ఉంది' అనే లైను అలాగే ఉంది.